పదిహేడో రౌండు తర్వాత

"పదకొండు వందల నలభై ఓట్లు వెనకున్నాం, అంతే అక్కా, ఇంకా మూడు రౌండ్లున్నాయి" అని తోడికోడలు చీటీ చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. చెప్పుల టకటక వరండా చివరిదాకా వినిపించి, లెక్కింపు హాలు తలుపు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ ఆ చప్పుడు వచ్చేదాకా ఆమెకి చెయ్యడానికి పనేమీ లేదు. యాభై తొమ్మిదేళ్ళ వయసులో, శాసనసభకి ఆరోసారి పోటీ చేసి, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఎత్తు స్టూలు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడం, ఇదీ ఇవాళ్టి పని. అభ్యర్థుల గది అని తలుపుకి కాగితం అంటించారు గానీ, పొద్దున వచ్చిన చిన్నాచితకా అభ్యర్థులందరూ పదో రౌండుకే లేచి వెళ్ళిపోయారు. కాంట్రాక్టరు గోడ అవతల ఫిజిక్సు ల్యాబులో తన మనుషులతో ఉన్నాడు, పోయినసారి ఆమెని ఓడించినవాడు, నవ్వులు ఇక్కడిదాకా వస్తున్నాయి. నవ్వనీ. గడియారం పదకొండూ అయిదు. బల్ల మీద యాసిడ్ తిన్న మరకలు, ఒకదాని పక్కన ఒకటి, ఎన్నేళ్ళ పిల్లలు ఎన్ని చుక్కలు ఒలకబోశారో, ఈ వాసన ముక్కుకి పట్టి వదలడం లేదు, కోరా బట్టకి గంజి పట్టిన వాసన కూడా ఇలాగే ఉండేది, గొంతులో దిగి అక్కడే కూర్చునేది, కొత్త తాను విప్పగానే.

పదకొండేళ్ళు ఆ వాసనలోనే ఉంది కదూ, బట్టల కొట్టులో. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టరు ఎత్తితే రాత్రి ఎనిమిదింటికి దించేదాకా కౌంటరు వెనక నిలబడే ఉండాలి, బేరం ఉన్నా లేకపోయినా, కొనేవాళ్ళొచ్చేసరికి కూర్చుని కనపడితే కొట్టుకి కళ తప్పుతుందని యజమాని నమ్మకం, ఆయన మాత్రం మెత్తటి దిండేసుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చునే నమ్మేవాడు. అక్కడ పేర్లుండేవి కావు. ఒకటో కౌంటరూ, రెండో కౌంటరూ, తను మూడో కౌంటరు. మూడో కౌంటరూ, ఆ నీలం తాను దించు. మూడో కౌంటరూ, నవ్వు మొహం పెట్టు. సాయంత్రమయ్యేసరికి పిక్కల్లో నరాలు తాళ్ళలా మెలిపడేవి. ఇంటికెళ్ళాక ఆయన, అంటే ఆమె మొగుడు, గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు, వేడినీళ్ళ బకెట్టు తెచ్చి ముందు పెట్టేవాడు, "నేను రోజంతా నిచ్చెన మీద, నువ్వు రోజంతా నేల మీద, మన ఇద్దరికీ కుర్చీ రాసిపెట్టి లేదే" అని నవ్వేవాడు. తోడికోడలు అదే కొట్టులో బిల్లులు రాసేది, లెక్కలో మెరుపు, ఎనిమిది వరసల కూడిక పెదవి కదపకుండా చేసేది. ఆ తోడికోడలికి ఎనిమిదో నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి, బట్టల మూట మీద అలా ఒరిగి కూర్చుంది, రెండు నిమిషాలు కూడా కాలేదు.

"లే. లేచి ఇటునుంచి ఇటే ఇంటికి పో. రేపట్నుంచి రావద్దు" అన్నాడు యజమాని.

"ఎనిమిదో నెలండీ, కాసేపాగి లేస్తుంది" అంది తను. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఇది బట్టల కొట్టు. ఆసుపత్రి కాదు."

ఆ మాటకి చేతిలో మీటరు కడ్డీ బల్ల మీద పెట్టేసింది. విసరలేదు, నెమ్మదిగానే పెట్టింది, అందరూ విసిరిందని చెప్పుకుంటారు గానీ. తోడికోడలి భుజం పట్టుకుని మెట్లు దిగింది. వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే ఒకటో కౌంటరు, రెండో కౌంటరు, దర్జీ కౌంటరు, మొత్తం పదకొండు మంది. పందొమ్మిది రోజులు ఆ కొట్టు ముందు కూర్చున్నారు, జన్మలో మొదటిసారి కొట్టు తెరిచి ఉండే వేళల్లో కూర్చున్నారు, ఆ కూర్చోవడంలో ఎంత సుఖముందో, పిల్లలు బడి ఎగ్గొట్టినట్టు ఒకటే నవ్వులు. ఉద్యోగాలు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. ఆ తర్వాతి నెలలోనే ఎన్నికలొచ్చాయి. "అక్కా, నువ్వు నిలబడు" అంది తోడికోడలు, మంచం మీద పసిదాన్ని పక్కనేసుకుని. "పదకొండేళ్ళు నిలబడ్డదాన్ని, ఇంకొక్కసారి నిలబడితే పోయేదేముంది" అనేసింది తను, నవ్వులాటకే. ఆ నవ్వులాటకి ఇప్పుడు పాతికేళ్ళు. ఆ పసిది ఇవాళ రైలింజను నడుపుతోంది, ఈ పాటికి ఏ స్టేషను దాటుతోందో, ఏ సిగ్నలు దగ్గర ఫలితం కోసం ఫోను చూసుకుంటోందో. చూసుకోకూడదు, బండి నడుపుతూ చూసుకోకూడదు, తిట్టాలి దాన్ని.

ఆరువందల పన్నెండు ఓట్లు. మొదటిసారి. డిపాజిట్ గల్లంతు. మామగారు పేపరు చదివి, మన చుట్టాలే తొమ్మిది వందల మంది ఉంటారు కదమ్మా, ఓటెయ్యని ఆ మూడువందల మంది ఎవరో కనుక్కో, అన్నాడు. ఎంత నవ్వారని ఇంటిల్లిపాదీ. ఓడిన రోజు అంత నవ్విన ఇల్లు ఇంకోటి ఉంటుందా. రెండోసారి పార్టీ నడిపే పెద్దాయన పిలిచి టికెట్టిచ్చాడు, రెండో స్థానం, తొమ్మిదివేల తేడా, అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు, గెలుస్తామన్న ఆశ పుట్టాక ఓటమికి బరువొస్తుంది. గోడల మీద రాసిన రాతలు రాసినవాళ్ళే చెరపాలని అధికారుల నోటీసు. ఆయన సున్నం బకెట్టు పట్టుకుని వీధి వీధీ తిరిగి తను రాసిన పెళ్ళాం పేరు తనే చెరిపాడు. "నీ పేరు రాసి రాసి మణికట్టు పోయింది, చెరిపి చెరిపి భుజం పోయింది, ఏదో ఒకటి తేల్చుకోవే" అన్నాడు ఆ రాత్రి, భుజానికి నూనె రాయించుకుంటూ. మూడోసారి తేలింది.

ఎలా తేలింది, నలభై మూడు ఓట్లతో. అప్పుడింకా కాగితం ఓట్లు, కట్టలు కట్టలుగా బల్లల మీద పోసేవాళ్ళు, యాభైకో కట్ట, రబ్బరు బ్యాండు, సిరా వాసన, అవతలివాళ్ళు మళ్ళీ లెక్కించమన్నారు, మళ్ళీ లెక్కించారు, ఒక్కో అనుమానపు కాగితాన్ని దీపం కిందికి ఎత్తి పట్టుకుని చూశారు. ఒక కాగితం మీద ముద్ర సరిగ్గా తన గుర్తు మీదే పడింది, పక్కన పెన్సిలుతో, వంకర టింకర అక్షరాలతో, "ఇది మా అక్కకి" అని రాసి ఉంది. రాత ఉంటే చెల్లదన్నాడు అధికారి. చెల్లకపోతే పోనీ, ఆ కాగితం ఒక్కసారి చేతికివ్వండి అని అడిగింది తను, ఇవ్వలేదు, ఇవ్వకూడదట, దూరం నుంచే చూడనిచ్చారు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు. ప్రచారంలో ఏ చెయ్యి పట్టుకున్నా, ఇదేనేమో ఆ పెన్సిలు పట్టుకున్న చెయ్యి అనిపించేది. చెల్లనిది తీసేస్తే నలభై మూడు, కలుపుకుంటే నలభై నాలుగు, తన లెక్కలో మాత్రం ఎప్పుడూ నలభై నాలుగే.

టకటక. వరండాలో. ఆగలేదు, దగ్గరికొస్తోంది, పరుగు కాదు, నడకే, నడకంటే మంచా చెడా, తోడికోడలు మంచి వార్తకి పరిగెత్తే మనిషి కాదు, చెడ్డవార్తకి అసలే కాదు. తలుపు తోసింది. "పద్దెనిమిది అయింది. బజారు పోలింగు బూత్‌లు. రెండువందల పన్నెండు." "ముందా వెనకా?" "వెనకే. కానీ తొమ్మిది వందల ఇరవై ఎనిమిది కోసేశాం కదక్కా!" పెన్సిలు చెవి మీద దోపుకుని వెళ్ళిపోయింది. గోడ అవతల నవ్వులు తగ్గాయి. తగ్గాయా, లేక తనకే అలా అనిపించిందా. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

బజారు. బజారే ముంచింది, బజారే తేలుస్తుందా. శాసనసభలో మొదటిరోజు ఎవరికీ తనెవరో తెలీదు, గుమ్మం దగ్గర సిబ్బంది సందర్శకుల గ్యాలరీ అటువైపమ్మా అని దారి చూపించారు. రెండో విడత గెలిచాక, ఈసారి పదకొండు వేల ఆధిక్యంతో, కొట్టుకొకటీ అరా కాదు, కౌంటరు వెనక పనిచేసే ప్రతి మనిషికీ కూర్చోవడానికి కుర్చీ ఉండాలి, బేరం లేనప్పుడు కూర్చునే హక్కు ఉండాలి అని బిల్లు తెచ్చింది. పావు పేజీ బిల్లు. సభంతా గొల్లుమంది. కుర్చీ కోసం పోట్లాడుకునే చోట ఎవరికో కుర్చీలడిగే మనిషిని ఇప్పుడే చూస్తున్నాం అన్నాడొకాయన, పేపర్లవాళ్ళకి పండగ, మర్నాటి నుంచీ పేరే మారిపోయింది, కుర్చీలమ్మ. రెండుసార్లు చర్చకే రానివ్వలేదు. మూడోసారి సమావేశాలు మొదలైన రోజు తను తన స్థానంలో లేచి నిలబడింది, మాట్లాడలేదు, అరవలేదు, కాగితాలు చింపలేదు, ఊరికే నిలబడింది.

గంటయ్యాక అధ్యక్ష స్థానం నుంచి, "గౌరవ సభ్యురాలు కూర్చోవాలి" అన్నారు.

"మా కొట్లల్లో కూర్చోమనే అధ్యక్షులు లేరు అధ్యక్షా. ఎలా ఉంటుందో సభకి తెలియడం కోసం నిలబడ్డాను. సభా కార్యక్రమాలకి అడ్డం రాను."

మొదటిరోజు ఆరు గంటలు. రెండోరోజు కూడా ఆరు గంటలు. మొదట్లో వెనక బెంచీలవాళ్ళు కనపడటం లేదని గొణిగారు, తర్వాత చూడటం మానేశారు, తర్వాత చూడకుండా ఉండలేకపోయారు. ఆ పాత నరాలు ఒక్కొక్కటే లేచి పలకరించాయి, ఇంకా బతికే ఉన్నావా మూడో కౌంటరూ, అని. రెండోరోజు సాయంత్రం కాళ్ళు చెప్పుల్లో పట్టలేదు, ఆయన పెద్ద నంబరు చెప్పులు కొనుక్కొచ్చాడు, నోరు విప్పి మానెయ్యమని మాత్రం అనలేదు. మూడోరోజు, నాలుగు గంటలవేళ, ప్రతిపక్షంలో ఒక ముసలాయన, తనతో ఏనాడూ మాట్లాడనివాడు, కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. మా అమ్మ నర్సండీ, రోజంతా నిలబడే ఉండేది, అన్నాడు. ఆయన పక్కన ఇంకొకరు. ఇటునుంచి ఇద్దరు. కుర్చీలు వెనక్కి జరిగే చప్పుడు, ఒకటి, మూడు, పది, వాన మొదలైనట్టు, సభలో సగంపైగా నిలబడి ఉన్నారు, కార్మిక మంత్రి మాత్రం కూర్చుని అటూ ఇటూ చూసి, ఇక కూర్చోలేక లేచి, ప్రభుత్వం ఈ బిల్లుని స్వీకరిస్తోంది అధ్యక్షా అన్నాడు. అప్పుడు కూర్చుంది. ఆ కూర్చోవడం ఒళ్ళంతా గుర్తుంది.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లోనే ఓడించారు. ఆరువేల మూడువందల పద్దెనిమిది ఓట్ల తేడా. కొట్ల యజమానులంతా ఒక్కటై కాంట్రాక్టరుని నిలబెట్టారు, కుర్చీలకి చోటు లేదని కొందరు మనుషుల్ని తీసేశారు, తీసేసినవాళ్ళలో ఇద్దరు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టారు, నువ్వు కుర్చీ ఇప్పించావు, ఉన్న చోటు పోయింది, అని. వాళ్ళకి వేరే పని దొరికేదాకా రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగింది, దొరికింది, అయినా ఆ మాట లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది, ఉండాలి కూడా. ఇక ఈసారి. పెద్దాయన ముందు గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టాడు. లోపల్నుంచి వచ్చి, "ఇన్నేళ్ళు నిలబడ్డావమ్మా, ఈసారికి కూర్చో" అన్నాడు తల నిమిరినట్టు. కాంట్రాక్టరే ఆయన పార్టీలో చేరాడని అప్పుడు తెలిసింది. ఆ చట్టాన్ని కాస్త సడలిస్తామని వ్యాపారులకి మాటిచ్చారని కూడా. సడలించడమంటే తుంచడం. మెట్లు దిగుతూ తోడికోడలికి ఫోను చేసి నామినేషను కాగితాలు తెచ్చిపెట్టమంది. పార్టీ లేదు, జెండా లేదు, అధికారులు గుర్తుగా ఈల ఇచ్చారు. మొగుడు ముప్పై గోడల మీద ఈల బొమ్మ వేశాడు. "ఇది ఈలలా లేదండీ, నత్తలా ఉంది" అంటే, "నత్తే గెలుస్తుందిలే, తొందరేముంది" అన్నాడు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి, నిచ్చెన ఎక్కితే కింద తోడికోడలు పట్టుకునేది. ఊదింది మాత్రం కొట్లల్లో పనిచేసేవాళ్ళు, డ్యూటీ దిగి బస్టాపుకి నడుస్తూ ఒకళ్ళు ఊదితే వీధి చివర ఇంకొకళ్ళు, కొనేవాళ్ళు ఉలిక్కిపడి చూసేవాళ్ళు.

ఇవాళ ఓడితే? ఓడితే చట్టం పోతుంది. తనకేం పోతుంది, ఇంటికెళ్ళి పడుకుంటుంది, మంచం ఉంది. చట్టం పోతే రేపు షట్టరెత్తగానే మొదట బయటికొచ్చేవి ఆ కుర్చీలే, రోడ్డు మీదికి, ఒకదాని మీద ఒకటి. ఆ బొమ్మ కళ్ళముందు నుంచి పోవడం లేదు, లేచి కిటికీ దగ్గరికెళ్ళింది, కింద పోలీసులు, తాళ్ళు కట్టిన దారి, గేటు అవతల జనం, ఎవరి జనమో ఇక్కణ్ణించి తెలీదు. వెనక తలుపు చప్పుడు.

"ఆరువందల యాభై అయిదు" అంది తోడికోడలు.

"ఇంకా అంత వెనకా?"

"ముందు, అక్కా. ముందు!"

ఇద్దరూ కదల్లేదు. ముప్పై ఏళ్ళ పైబడి ఒకే వంటింట్లో మెలిగినవాళ్ళు, పోట్లాడుకున్న రోజులు లెక్కపెట్టాలంటే రెండు ఎన్నికల కాలం పడుతుంది, ఒకరి భుజం మీద ఒకరు ఏడ్చే అలవాటు లేదు. "చివరి రౌండు నది అవతలి కాలనీ" అంది తోడికోడలు చీటీ మడుస్తూ. "నేను లెక్కేశాను. చెప్పనా?" "వద్దు. నీ లెక్క తప్పదు. అందుకే వద్దు." ఈసారి తను కూడా వెంట నడిచింది. వరండా పొడుగునా రెండు జతల చెప్పులు.

హాలు వేడిగా ఉంది. వరస బల్లలు, వైరు జాలీలు, యంత్రాల మీద ఎర్రదీపాలు, ఎవరూ మాట్లాడటం లేదు, అంకెలు మాత్రమే మాట్లాడుతున్నాయి, ఒక గుమాస్తా చదువుతుంటే ఇంకొకరు రాస్తున్నారు, మధ్యలో ఒకచోట పెన్ను ఆగిపోయి విదిలించారు. కాంట్రాక్టరు ఎదురుగోడకి ఆనుకుని నిలబడ్డాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది, పాపం, మనిషే కదా, అనుకుంది, అలా అనుకోగలిగినందుకు ఆశ్చర్యపడింది. తోడికోడలి పెదవులు కదలడం లేదు, కానీ కళ్ళు వరసలు దిగుతున్నాయి, ఆ బిల్లు కౌంటరు దగ్గరలాగే. గుమాస్తా నోటి నుంచి మొత్తం రాకముందే ఆ కళ్ళు నిండాయి. అలా తెలిసింది. పన్నెండూ పదికి, అధికారి మైకులో చదవకముందే, తోడికోడలి కళ్ళల్లో ఆమె గెలిచింది. పందొమ్మిది వందల ఎనిమిది ఓట్ల తేడా.

తర్వాత చదివారు. తర్వాత ఎవరో అరిచారు, ఎవరో భుజాలు పట్టుకున్నారు, ధ్రువపత్రం మీద సంతకం పెట్టమంటే పెన్ను దొరకలేదు, తోడికోడలు చెవి మీది పెన్సిలు ఇవ్వబోయింది, అధికారి నవ్వాపుకుంటూ తన పెన్ను ఇచ్చాడు. కాంట్రాక్టరు వచ్చి చెయ్యి కలిపి, "ఈ ఊళ్ళో మీ లెక్క నాకు అంతుపట్టలేదు మేడం" అన్నాడు. బయట బల్ల దగ్గర ఫోను తిరిగి చేతికిచ్చారో లేదో మోగింది. పెద్దాయన. సభలో ఎవరికీ పూర్తి బలం రాలేదని, గెలిచిన స్వతంత్రులు నలుగురేనని, నలుగురూ కావాలని, మెట్ల మీద నిలబడ్డ విలేకరులు అప్పటికే చెప్పేశారు.

"అమ్మా, ఏ కోపాలూ పెట్టుకోకు. ఇది నీ ఇల్లు. ఏ శాఖ కావాలో నువ్వే చెప్పు."

"శాఖ సంగతి తర్వాతండీ. కుర్చీల చట్టం జోలికి రామని కాగితం మీద రాసి, మీరు సంతకం పెట్టి పంపండి. చదివాక మాట్లాడుకుందాం."

"నువ్వేం మారలేదమ్మా."

"ఓడినప్పుడే మారలేదు, గెలిచాక ఎందుకు మారతానండీ."

ఫోను తోడికోడలి చేతిలో పెట్టేసింది. మెట్ల కింద మొగుడు ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో, చొక్కా నిండా రంగు చుక్కలు, ఆమె చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపి వదిలేశాడు. ఎండ నడినెత్తిన ఉంది. ఒళ్ళు తేలికగా, నీళ్ళల్లో నడుస్తున్నట్టు, ఇన్నేళ్ళ ఓట్లూ, ఆ ఆరువందల పన్నెండూ, ఆ పావు పేజీ కాగితం, అన్నీ ఒక్కసారే ఒంట్లో తిరుగుతున్నట్టు. గేటు దగ్గర తాడు అవతల కొట్ల యూనిఫాముల్లో ఆడవాళ్ళు, నీలం, ఆకుపచ్చ, మెరూన్, రెండువందలో మూడువందలో, ఊపిరందక వంగి మోకాళ్ళు పట్టుకున్నవాళ్ళు కొందరు, బజారు నుంచి ఇక్కడిదాకా పరిగెత్తుకొచ్చినట్టున్నారు. ఒకటే ఈలలు. ఎవరో మైకు చేతికందించారు. ఆమె గొంతు సవరించుకుంది, పాతికేళ్ళ మాటలు నాలుక చివరికి వచ్చాయి, ముందు వరసలో ఒకమ్మాయి గడియారం చూసుకుని కంగారుగా చెయ్యెత్తింది.

"అక్కా, కొంచెం త్వరగా! మా భోజనం టైము ఒంటిగంట దాకానే. ఇంకా తినలేదు కూడా!"

జనం ఘొల్లుమన్నారు. ఆమె కూడా ఆపుకోలేక నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మైకు నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"గెలిచాం. వెళ్ళండి, వెళ్ళి కూర్చుని తినండి."